పీయూడీ కమ్యూనిటీలో ఇల్లు కొంటున్నారా? జోనింగ్ రూల్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మేం ఇల్లు కొన్నప్పుడు పెరటి వెనక పెద్ద పచ్చిక మైదానం ఉండేది. సేల్స్ ఆఫీసు గోడ మీది మ్యాప్‌లో కూడా అక్కడ ఆకుపచ్చ రంగే వేశారు. రెండేళ్ల తర్వాత ఆ స్థలంలో టౌన్‌హోమ్స్, అంటే గోడలు కలిపి వరసగా కట్టే ఇళ్లు, కట్టే విషయమై సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆ రాత్రి మొదటిసారి మా సబ్‌డివిజన్‌కు (మా ఇళ్ల లేఔట్‌కు) ఆమోదం పొందిన ప్లాన్ తెరిచి చూశాను. మూడో షీట్‌లో, కుడివైపు అడుగున, స్క్రీన్ మీద బాగా జూమ్ చేస్తే గానీ కనపడనంత చిన్న అక్షరాల్లో, 'ట్రాక్ట్ సి, భవిష్యత్ డెవలప్‌మెంట్ కోసం' అని ఉంది. ట్రాక్ట్ సి అంటే ఆ మైదానమే. ఆ కాగితం మేం కొనకముందు నుంచీ సిటీ వెబ్‌సైట్‌లోనే ఉంది. మేం అడగలేదు కాబట్టి ఎవరూ చూపించలేదు.

అప్పటి నుంచి తెలిసినవాళ్లు అమెరికాలో ఇల్లు చూస్తున్నామంటే చాలు, ముందు ప్లాన్ చూడమని చెబుతున్నాను. వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలే ఇక్కడ రాశాను. నిబంధనలు ఊరూరికీ మారతాయి గానీ, వాటి వెనకున్న పద్ధతి దాదాపు అంతటా ఒకటే.

అసలు పీయూడీ అంటే ఏమిటి?

ప్లాన్డ్ యూనిట్ డెవలప్‌మెంట్. జోనింగ్ అంటే ఏ స్థలంలో ఏం, ఎలా కట్టొచ్చో ప్రభుత్వం పెట్టే నియమాలు. మామూలు జోనింగ్‌లో ప్రతి లాట్‌నూ, అంటే ఒక్కో ఇంటి స్థలాన్నీ, విడిగా చూస్తారు. ఇంత వైశాల్యం ఉండాలి, ముందు ఇంత, పక్కల ఇంత ఖాళీ వదలాలి, ఎత్తు ఇంత దాటకూడదు, అంటూ ఒకే కొలత ఆ జోన్‌లోని అన్ని లాట్లకూ వర్తిస్తుంది. పీయూడీలో మొత్తం స్థలాన్నీ ఒకే యూనిట్‌గా తీసుకుంటారు. ఎక్కడ ఇళ్లు, ఎక్కడ రోడ్లు, ఎక్కడ పార్కు అన్నది బిల్డర్ ఒక ప్లాన్‌గా గీసి తెస్తాడు, సిటీ లేదా కౌంటీ దాన్ని పరిశీలించి ఆమోదిస్తుంది. ఆ ప్లాన్, దాంతోపాటు వచ్చే ఆర్డినెన్స్ (సిటీ లేదా కౌంటీ చేసే స్థానిక చట్టం), ఇవే ఆ స్థలానికి జోనింగ్ చట్టం అవుతాయి.

అందుకే పక్క సబ్‌డివిజన్‌లో ఉన్న స్నేహితుడికి వర్తించే రూల్ మీకు వర్తించకపోవచ్చు. సిటీ జోనింగ్ కోడ్ మొత్తం చదివినా మీ ఇంటి అసలు సంగతి అందులో దొరక్కపోవచ్చు. నంబరుతో ఉన్న మీ పీయూడీ ఆర్డినెన్స్‌నే తీసి చూడాలి.

మా ఊరి మ్యాప్‌లో పీయూడీ అని ఎక్కడా లేదు. మరి మాది పీయూడీ కాదా?

పేరు మారి ఉండొచ్చు. టెక్సస్ ఊళ్లలో ఎక్కువగా పీడీ అంటారు, పక్కన ఒక నంబరు ఉంటుంది. నార్త్ కరొలైనాలోని కేరీలో పీడీడీ అంటారు. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో పీడీహెచ్-4, పీడీహెచ్-8 లాంటి పేర్లు కనిపిస్తాయి. అక్కడి అంకె ఎకరాకు ఎన్ని ఇళ్లు కట్టుకోవచ్చో చెబుతుంది. కొన్నిచోట్ల మామూలు జోన్ పేరు అలాగే ఉంచి, దాని మీద ఓవర్‌లే, అంటే అదనపు నియమాల పొర, వేస్తారు. అప్పుడు ఓవర్‌లేలో మార్చిన అంశాలకు పీయూడీ రూలు, మిగతావాటికి కింది జోన్ రూలు వర్తిస్తాయి.

అందరికీ ఒకే రూల్ ఉంటే బాగుండేది కదా, ఈ పద్ధతి ఎందుకు వచ్చింది?

అమెరికాలో ఒక నగరం మొత్తానికీ జోనింగ్ 1916లో న్యూయార్క్‌తో మొదలైంది. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు జోనింగ్ రాజ్యాంగబద్ధమేనని తేల్చింది. ఆ తర్వాత దేశమంతా అదే బాట పట్టింది. ఇళ్లు ఒకచోట, షాపులు ఒకచోట, ఫ్యాక్టరీలు ఇంకొకచోట. ఒక జోన్ లోపల రూల్స్ అందరికీ ఒకేలా ఉండాలన్నది అప్పటి నమూనా చట్టంలోని షరతు.

న్యాయంగానే ఉన్నా, నేల మీద దాని ఫలితం ఒకే మూసగా వచ్చింది. వాగున్నా, గుట్టలున్నా, పాత చెట్లున్నా చదును చేసేసి ఒకే సైజు లాట్లు వరసగా కోసుకుంటూ పోయేవారు. దానికి భిన్నంగా న్యూజెర్సీలోని రాడ్‌బర్న్‌లో 1929లోనే ఇళ్లను పార్కు వైపు తిప్పి, కార్ల దారిని వెనక్కి నెట్టి చూపించారు. 1960లలో రెండు పెద్ద ప్రయత్నాలు జరిగాయి. రాబర్ట్ సైమన్ అనే బిల్డర్ న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ అనే సంగీత కచేరీల భవనం అమ్మగా వచ్చిన డబ్బుతో వర్జీనియాలో స్థలం కొని రెస్టన్ అనే ఊరు మొదలుపెట్టారు. అలాంటి ఊరు కట్టడానికి అప్పటి జోన్లలో ఏదీ సరిపోలేదు. అందుకని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ 1962లో దానికోసం కొత్త జోన్‌ను రాసింది. అక్కడ లాట్ సైజుకు బదులు మొత్తం మీద ఎకరాకు సగటున 13 మంది జనాభా అన్న లెక్క పెట్టారు. జేమ్స్ రౌస్ అనే బిల్డర్ మేరీలాండ్‌లో కొలంబియా అనే ఊరిని కట్టడానికి హోవార్డ్ కౌంటీ 1965లో న్యూ టౌన్ అనే జోన్ తెచ్చింది. 1968లో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు న్యూ హోప్ అనే చిన్న ఊరి కేసులో పీయూడీ జోనింగ్ చెల్లుతుందని చెప్పడంతో మిగతా ఊళ్లకు ధైర్యం వచ్చింది.

డెన్సిటీ (ఎకరాకు ఎన్ని ఇళ్లన్న లెక్క) అదేనంటారు, కానీ ఇళ్లు ఇరుకుగా ఉన్నాయి. ఎలా?

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. అందుకే ఒక లెక్క వేసి చూద్దాం.

40 ఎకరాల స్థలం ఉందనుకోండి. పాత జోనింగ్ ప్రకారం ఎకరాకు 4 ఇళ్లు, అంటే మొత్తం 160. పీయూడీలో బిల్డర్ ఆ 160 ఇళ్లనూ 25 ఎకరాల్లో సర్ది, 15 ఎకరాలు ఓపెన్ స్పేస్‌గా వదిలాడు. మొత్తం స్థలం మీద లెక్కేస్తే ఇప్పటికీ ఎకరాకు 4 ఇళ్లే. దీన్ని గ్రాస్ డెన్సిటీ అంటారు. ఇళ్లున్న భాగం మీద లెక్కేస్తే ఎకరాకు 6.4. ఇది నెట్ డెన్సిటీ. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. ఆ 25 ఎకరాల్లో ఐదో వంతు రోడ్లకు పోతే, ఒక్కో ఇంటికి మిగిలే లాట్ సుమారు 5,445 చదరపు అడుగులు. మామూలు పద్ధతిలో నలభై ఎకరాల్లోనూ ఐదో వంతు రోడ్లకు తీసేసినా ఒక్కో లాట్ 8,700 చదరపు అడుగుల పైన వచ్చేది.

ఇందులో మోసమేమీ లేదు. మీ సొంత పెరడు చిన్నదై, ఆ తేడా అందరి పార్కులోకి వెళ్లింది. ఆ 15 ఎకరాలు నిజంగా ఎప్పటికీ ఖాళీగా ఉంటేనే ఈ బేరం మీకు గిట్టుబాటు. వాటిలో వాగు గట్టూ వరద మైదానమూ ఎంత, పిల్లలు ఆడుకోగలిగిన నేల ఎంత అని తప్పకుండా అడగండి. కట్టడానికి ఎలాగూ పనికిరాని నేలను ఓపెన్ స్పేస్ లెక్కలో చూపడానికి కొన్ని ఊళ్లు పరిమితి పెడతాయి, కొన్ని పెట్టవు. దీనికి తోడు, పార్కు ఎక్కువ ఇస్తేనో, తక్కువ ధర ఇళ్లు కొన్ని కడితేనో అదనపు ఇళ్లకు అనుమతిచ్చే డెన్సిటీ బోనస్ కూడా చాలాచోట్ల ఉంది.

మ్యాప్‌లో పచ్చగా ఉన్నదంతా పార్కేనా?

కాదు. మా అనుభవం పైన చెప్పాను కదా. పచ్చ రంగు చూసి నమ్మకండి, ఆ ట్రాక్ట్ పేరు పక్కన ఏం రాసుందో చదవండి. హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) సొంతమైన కామన్ ఏరియా అని, కౌంటీలో రిజిస్టరైన ప్లాట్‌లో ఇళ్లు కట్టరాదన్న నోటుతో సహా ఉంటే చాలావరకు భద్రం. (ఇక్కడ ప్లాట్ అంటే మనం మామూలుగా అనుకునే ప్లాటు కాదు, రికార్డయిన లేఔట్ పటం.) కన్జర్వేషన్ ఈజ్‌మెంట్, అంటే ఆ నేలను ఖాళీగానే ఉంచాలన్న చట్టబద్ధమైన కట్టుబాటు, ఉంటే ఇంకా గట్టిది. డ్రైనేజ్ ఈజ్‌మెంట్ అంటే వాననీటి దారి. అక్కడ కట్టడం జరగదు గానీ, ఆటస్థలం అవుతుందని కూడా ఆశపడొద్దు. 'రిజర్వ్డ్', 'ఫ్యూచర్ ఫేజ్', 'బై అదర్స్' లాంటి మాటలు కనిపిస్తే అక్కడ ఏమైనా రావచ్చనే అర్థం. గోల్ఫ్ కోర్సు పక్కన ఇల్లయితే మరీ జాగ్రత్త. కోర్సు వేరే యజమానిదై ఉండొచ్చు. అది నడవక మూతపడితే అక్కడ ఇళ్లు కడతామని అడగడం చాలా ఊళ్లలో జరిగింది.

పెరట్లో ప్యాటియో కవర్ వేసుకోవచ్చా? అది నా స్థలమే కదా?

స్థలం మీదే, కానీ సెట్‌బ్యాక్, అంటే సరిహద్దు నుంచి వదలాల్సిన ఖాళీ, చూసుకోవాలి. పీయూడీల్లో సెట్‌బ్యాక్‌లు మామూలు జోన్ల కన్నా తక్కువగా రాసుకుంటారు. పక్క గోడ సరిహద్దు గీత మీదే వచ్చే జీరో లాట్ లైన్ ఇళ్లు కూడా ఉంటాయి. అసలు చిక్కేమిటంటే, బిల్డర్ ఆ తగ్గించిన సెట్‌బ్యాక్ అంచు దాకా ఇల్లు కట్టేసి ఉంటాడు. వెనక పది అడుగులు వదలాలని ఉండి, ఇంటి గోడ సరిగ్గా పది అడుగుల దగ్గర ఆగితే, మీ కప్పుకు ఇక చోటు లేదు. పైకప్పు లేని నేలమట్టపు ప్యాటియోకు చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది. స్తంభాలు వేసి కప్పితే అది కట్టడం కిందికి వస్తుంది.

మామూలు జోన్‌లో అయితే జోనింగ్ బోర్డు దగ్గర వేరియన్స్, అంటే రూల్ నుంచి మినహాయింపు, అడగొచ్చు. పీయూడీ విషయంలో కొన్ని ఊళ్లు ఆ దారి ఇవ్వవు, ప్లాన్‌నే సవరించుకోమంటాయి. ఒక్క ఇంటి కోసం అది పెద్ద పని. కాబట్టి కాంట్రాక్టర్‌కు అడ్వాన్స్ ఇచ్చేముందే మీ సర్వే కాగితం పట్టుకుని ప్లానింగ్ కౌంటర్‌కు వెళ్లండి.

హెచ్‌ఓఏ ఓకే చెప్పింది. ఇంకా సిటీని అడగాలా?

అడగాలి. రెండూ వేరు. జోనింగ్ అనేది ప్రభుత్వ చట్టం. సీసీ అండ్ ఆర్ అనే నిబంధనలు ఇంటి యజమానుల మధ్య ఒప్పందం. హెచ్‌ఓఏ కమిటీ రంగు నచ్చి సంతకం చేసినంత మాత్రాన అది పర్మిట్ కాదు. సిటీ పర్మిట్ ఇచ్చినంత మాత్రాన హెచ్‌ఓఏ నోరు మూసుకోదు. రెండింటిలో ఏది కఠినమైతే దాన్ని పాటించాల్సి వస్తుంది. హెచ్‌ఓఏ నిబంధనలను అమలు చేయించడం సాధారణంగా సిటీ పని కాదు కూడా.

అయితే కొన్ని విషయాల్లో హెచ్‌ఓఏ మాట చెల్లదు. ఒక మీటరు లోపు శాటిలైట్ డిష్‌ను మీ సొంత స్థలంలో పెట్టుకోవడాన్ని ఫెడరల్ రూల్ కాపాడుతుంది. కాలిఫోర్నియా, టెక్సస్ సహా కొన్ని రాష్ట్రాల్లో సోలార్ ప్యానెళ్లను పూర్తిగా వద్దనే అధికారం హెచ్‌ఓఏకు లేదు.

లోన్ కాగితాల్లో పీయూడీ రైడర్ (ఒప్పందానికి జతచేసే అదనపు కాగితం) అని ఉంది. అదీ ఇదీ ఒకటేనా?

కాదు, ఇక్కడ చాలామంది టెన్షన్ పడతారు. బ్యాంకు భాషలో పీయూడీ అంటే కామన్ ప్రాపర్టీ ఉన్న, హెచ్‌ఓఏ సభ్యత్వం తప్పనిసరైన, నెలవారీ లేదా ఏడాది ఫీజు కట్టక తప్పని కమ్యూనిటీ. బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే సంస్థ తన నిబంధనల్లో జోనింగ్ ఆధారంగా పీయూడీ అని తేల్చకూడదనే రాసింది. అంటే జోనింగ్ మామూలుదై ఉండి లోన్‌లో పీయూడీ అని రావచ్చు, ఇంకోచోట దీనికి తిరగేసి కూడా జరగొచ్చు.

ఇంకో మాట. వాషింగ్టన్ రాష్ట్రంలో పీయూడీ అంటే కరెంటు, నీళ్లు ఇచ్చే పబ్లిక్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. టెక్సస్‌లో కనిపించే మడ్, పిడ్ అనేవి నీళ్లు, రోడ్ల ఖర్చు రాబట్టుకునే పన్ను లేదా అసెస్‌మెంట్ ఏర్పాట్లు. కాలిఫోర్నియాలో మెలో-రూస్ కూడా అలాంటిదే. వీటికీ జోనింగ్‌కూ సంబంధం లేదు గానీ, నెలవారీ ఖర్చుకు మాత్రం చాలా సంబంధం ఉంది.

ఆమోదం ఎలా జరుగుతుంది?

మొదట బిల్డర్ ప్లానింగ్ సిబ్బందితో మాట్లాడతాడు. తర్వాత కాన్సెప్ట్ ప్లాన్, ట్రాఫిక్ స్టడీ, వాననీటి లెక్కలతో దరఖాస్తు వేస్తాడు. ప్లానింగ్ కమిషన్ బహిరంగ విచారణ జరిపి సిఫారసు చేస్తుంది. సిటీ కౌన్సిల్ లేదా కౌంటీ బోర్డు ఓటు వేస్తుంది. ఆ ఓటుతో స్థలం జోనింగ్ మారుతుంది. ఆపైన ఫైనల్ డెవలప్‌మెంట్ ప్లాన్, ప్లాట్ రికార్డు చేయడం, పర్మిట్లు.

జనం మాటకు విలువుండేది ముందు దశలోనే. కౌన్సిల్ ఓటు అయిపోయాక వచ్చే ఫైనల్ ప్లాన్‌లో సిబ్బంది చూసేది మొదటి ప్లాన్‌కు సరిపోయిందా లేదా అన్నదొక్కటే. సరిపోతే, మీకు నచ్చినా నచ్చకపోయినా అది పాసవుతుంది.

ఆమోదం అయ్యాక బిల్డర్ ప్లాన్ మార్చేయొచ్చా?

చిన్న మార్పు, పెద్ద మార్పు అని రెండు రకాలు. దారి కాస్త వంపు తిప్పడం, మొక్కల రకం మార్చడం లాంటివి ప్లానింగ్ డైరెక్టర్ ఆఫీసులోనే అయిపోతాయి. ఉత్తరం కూడా రాదు. ఇళ్ల సంఖ్య పెరగడం, ఓపెన్ స్పేస్ తగ్గడం, ఒంటి ఇళ్ల బదులు టౌన్‌హోమ్స్ రావడం లాంటివి సాధారణంగా పెద్ద మార్పులు. వాటికి మళ్లీ విచారణ, మళ్లీ ఓటు. ఏది చిన్నది, ఏది పెద్దది అన్న గీత మీ ఊరి ఆర్డినెన్స్‌లోనే ఉంటుంది. ఒక్కోసారి ఓ శాతం రూపంలో ఉంటుంది. పీయూడీ ఆర్డినెన్స్‌లో నేను మొదట వెతికే పేరా ఇదే.

విచారణ ఉందని ఉత్తరం వచ్చింది. వెళ్తే ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది, సిద్ధమై వెళ్తే. టెక్సస్‌లో అయితే రీజోనింగ్ (జోనింగ్ మార్పు) అడిగిన స్థలానికి 200 అడుగుల లోపు యజమానులకు విచారణకు పది రోజులకు ముందే ఉత్తరం పంపాలి. మిగతాచోట్ల దూరం, గడువు వేరు. ఉత్తరం రాకపోయినా వెళ్లి మాట్లాడొచ్చు.

మా విచారణ రోజు హాల్లో నలభై మందికి పైగా ఉన్నాం. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఎదురుగా ఎర్రంకెల టైమర్. ముందు మాట్లాడినవాళ్లు చాలామంది ఇంటి విలువ పడిపోతుందని కోపంగా అన్నారు. కమిషనర్లు విని తలూపారు, రాసుకోలేదు. మా వీధిలోని ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు మాత్రం ప్లాన్ షీట్ ప్రింట్ తీసుకొచ్చి, కొత్త టౌన్‌హోమ్స్ రెండో అంతస్తు కిటికీలు మా కంచెకు ఎన్ని అడుగుల దూరంలో వస్తాయో, వాననీళ్లు ఏ వైపు పారతాయో చూపించారు. అప్పుడు పెన్నులు కదిలాయి. ప్రాజెక్టు ఆగలేదు. కానీ మా వైపు ముప్పై అడుగుల బఫర్ (మధ్యలో వదిలే ఖాళీ), ఏడాది పొడుగునా ఆకులుండే చెట్లు, వెనక వరసలో రెండంతస్తుల పరిమితి అనే షరతులు ఆర్డినెన్స్‌లో చేరాయి. ఆ ముప్పై అడుగులు ఆయన మూడు నిమిషాల వల్ల వచ్చాయని నేను గట్టిగా నమ్ముతాను.

సంతకాల మాట కూడా చెప్పాలి. 1920లలో ఫెడరల్ వాణిజ్య శాఖ వెలువరించిన నమూనా చట్టంలో, మార్చబోయే స్థలంలోనో, దానికి ఆనుకున్న స్థలంలోనో 20 శాతం వైశాల్యానికి యజమానులైనవారు లిఖితపూర్వకంగా వ్యతిరేకిస్తే కౌన్సిల్‌లో నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలని ఉంది. కొన్ని రాష్ట్రాలు దాన్ని అలాగే ఉంచాయి, కొన్ని మార్చాయి, కొన్ని తీసేశాయి. మీ రాష్ట్రంలో ఏముందో సిటీ క్లర్క్‌ను అడిగితే చెబుతారు.

ఇంట్లో సంగీతం క్లాసులు చెప్పొచ్చా? అద్దెకివ్వొచ్చా? అమ్మానాన్నల కోసం పెరట్లో చిన్న ఇల్లు?

క్లాసులు హోమ్ ఆక్యుపేషన్ కిందికి వస్తాయి. ఒకేసారి ఎంతమంది రావచ్చు, కార్లు ఎక్కడ ఆపాలి, బోర్డు పెట్టొచ్చా అన్నవి అందులో ఉంటాయి. అద్దె విషయంలో ఎక్కువగా హెచ్‌ఓఏ నిబంధనలే అడ్డొస్తాయి. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి రోజువారీ అద్దెలకు సిటీ లైసెన్సు కూడా కావాల్సి రావచ్చు. పెరటి ఇంటికి, అంటే ఏడీయూకు, పీయూడీ ఆర్డినెన్స్‌లో ఇళ్ల సంఖ్యకు పెట్టిన పరిమితి అడ్డు రావచ్చు. కాలిఫోర్నియాలో మాత్రం ఒంటి ఇళ్ల జోన్ లాట్లలో ఏడీయూను హెచ్‌ఓఏ నిషేధించడం 2020 జనవరి 1 నుంచి చెల్లదు.

అమ్మానాన్నల కోసమే 55 ప్లస్ కమ్యూనిటీ చూస్తుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఫెడరల్ చట్టం ప్రకారం అక్కడ నివాసమున్న ఇళ్లలో కనీసం 80 శాతం ఇళ్లలో 55 ఏళ్లు నిండినవారు ఒకరైనా ఉండాలి. మీరూ పిల్లలూ వెళ్లి ఎన్ని రోజులు ఉండొచ్చో కమ్యూనిటీ నిబంధనల్లో చూసుకోవాలి.

రోడ్లు, చెరువు ఎవరు చూసుకుంటారు?

ప్రైవేట్ రోడ్లయితే మీరే, అంటే హెచ్‌ఓఏ. సిటీ వచ్చి గుంతలు పూడ్చదు, మంచు తీయదు. పీయూడీల్లో సన్నటి రోడ్లకు అనుమతి దొరుకుతుంది, బదులుగా వాటిని ప్రైవేట్‌గా ఉంచుకోమంటారు. వాననీటి చెరువు కూడా చాలాచోట్ల హెచ్‌ఓఏ నెత్తినే ఉంటుంది. కొన్నేళ్లకోసారి పూడిక తీయించాలి, దానికి డబ్బు బాగా అవుతుంది. ఫీజు తక్కువని సంబరపడేముందు రిజర్వ్ ఫండ్‌లో ఎంతుందో అడగండి.

స్విమ్మింగ్ పూల్, క్లబ్‌హౌస్ కడతామన్నారు. కట్టకపోతే?

ఎక్కడ రాసుందో దాన్ని బట్టి ఉంటుంది. బ్రోషర్‌లో మాత్రమే ఉంటే జోనింగ్ ద్వారా సిటీ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఆమోదించిన ప్లాన్‌లో, ఫేజింగ్ షరతుతో ఉంటే, ఉదాహరణకు వందో ఇంటి పర్మిట్‌కు ముందే పూల్ పూర్తి కావాలని ఉంటే, సిటీ ఆ తర్వాతి పర్మిట్లు ఆపగలదు. రోడ్లు, డ్రైనేజీల్లాంటి వాటికి బిల్డర్ నుంచి బాండో లెటర్ ఆఫ్ క్రెడిటో ముందే తీసుకుంటారు. వర్జీనియాలో బిల్డర్లు రీజోనింగ్ సమయంలో ఇచ్చే మాటలను ప్రాఫర్లు అంటారు. ఒప్పుకున్నాక అవి చట్టంతో సమానం.

కొనేముందు ఏ కాగితాలు అడగాలి, ఎక్కడ?

ముందు సిటీ జోనింగ్ మ్యాప్‌లో మీ అడ్రస్ కొట్టి పీయూడీ నంబరు పట్టుకోండి. ఇల్లు సిటీ హద్దులు దాటి ఉంటే కౌంటీని అడగాలి. హ్యూస్టన్‌లో అయితే సిటీకి జోనింగే లేదు, అక్కడ డీడ్ రెస్ట్రిక్షన్లు, అంటే ఆస్తి దస్తావేజుల్లో రాసిన ఆంక్షలు, చూడాలి. ఆ నంబరుతో ఆర్డినెన్స్, దానికి జతచేసిన ప్లాన్ షీట్లు, ఇప్పటిదాకా జరిగిన సవరణలు అన్నీ పంపమని ప్లానింగ్ విభాగానికి ఈమెయిల్ పెట్టండి. చాలాచోట్ల ఈ పనికి ఒక ప్లానర్ ఫోన్లో కూడా దొరుకుతారు. రికార్డయిన ప్లాట్ కౌంటీ ఆఫీసులో ఉంటుంది. సీసీ అండ్ ఆర్ టైటిల్ కంపెనీ ఇస్తుంది, కానీ క్లోజింగ్ (ఇల్లు మీ పేరుకు మారే రోజు) ముందురోజు కాదు, ఆప్షన్ పీరియడ్ (ఒప్పందం వదులుకోగలిగిన గడువు) లోపలే అడిగి తెప్పించుకోండి. పక్కనున్న ఖాళీ స్థలాల అడ్రసులు కూడా రాసిచ్చి, వాటి మీద పెండింగ్ దరఖాస్తులేమైనా ఉన్నాయా అని అదే ఈమెయిల్‌లో అడగండి. జవాబు రాతపూర్వకంగా కావాలంటే జోనింగ్ వెరిఫికేషన్ లెటర్ తీసుకోండి. కొన్నిచోట్ల దానికి కొంత ఫీజు ఉంటుంది.